ఓటీజీ కొత్తది, ఇంట్లో యాపిల్స్ బోలెడు: మొదట ఏం చేస్తే బాగుంటుంది?

హన్మకొండ అమ్మాయి
అందరికీ నమస్తే. శ్రావణ శుక్రవారం వాయనాల్లో వచ్చినవి, మామయ్యగారికి ఒంట్లో బాగోలేదని చూడటానికి వచ్చినవాళ్ళు తెచ్చినవి కలిపి ఫ్రిజ్ నిండా యాపిల్సే. కోసి పెడితే పిల్లలు రెండు ముక్కలు తిని లేచిపోతున్నారు. ఈమధ్యే 28 లీటర్ల ఓటీజీ, అదే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్, కొన్నాం, బ్రెడ్ కాల్చుకోవడం తప్ప అందులో ఇంకేం చేయలేదు. వీడియోలు చూస్తే అందరూ నేరుగా ‘యాపిల్ పై’ (పిండి పొరల మధ్య యాపిల్ పెట్టి కాల్చేది) దగ్గరే మొదలుపెడుతున్నారు, ఆ పిండి వత్తడం, పైన జడలా అల్లడం చూస్తేనే టెన్షన్‌గా ఉంది. కొలత కాస్త అటూ ఇటూ అయినా పాడవనివి ఏమైనా ఉంటే చెప్పండి. మా అత్తయ్య గుడ్డు తినరు, మామయ్యగారికి షుగర్ ఉంది.

విశాఖ ఓవెన్
ఆ ‘యాపిల్ పై’ జోలికి ఇప్పుడే వెళ్ళకమ్మా. క్రంబుల్ చెయ్యి. అడుగున యాపిల్ ముక్కలు, పైన పొడిపొడిగా పిండి, అంతే. గుడ్డు అక్కర్లేదు, వత్తే పని లేదు, పొంగాల్సిన అవసరం లేదు కాబట్టి పొంగలేదన్న బాధా లేదు. లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: మైదా రెండు పాళ్ళు, బటర్ ఒక పాలు, చక్కెర ఒక పాలు, తూకంలో. అంటే 150 గ్రాముల మైదాకి 75 గ్రాముల బటర్, 75 గ్రాముల చక్కెర. బటర్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది కావాలి, చిన్న ముక్కలు కోసి మైదాలో వేసి వేళ్ళ కొసలతో నలుపు. బొంబాయి రవ్వలో అక్కడక్కడా శనగగింజంత ఉండలు కలిసినట్టు కనిపించగానే ఆపేసి చక్కెర కలుపు. అరచేత్తో పిసికితే బటర్ కరిగి పిండి ముద్దవుతుంది, కాలాక పైభాగం అట్టలా గట్టిపడుతుంది. మనకి దొరికే బటర్ ఎక్కువగా ఉప్పు వేసిందే కాబట్టి విడిగా ఉప్పు వెయ్యకు.

అడుగుకి మీడియం సైజు యాపిల్స్ నాలుగు. చెక్కు తీసి అంగుళం ముక్కలు కోసి, రెండు మూడు చెంచాల చక్కెర, అర చెక్క నిమ్మరసం, అర చెంచా దాల్చినచెక్క పొడి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలుపు. గిన్నెలో పరిచి పైన పిండి చల్లు, అదమకూడదు. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పైన బంగారు రంగు రావడం ఒక్కటే చూడకు, అంచుల దగ్గర రసం చిక్కగా బుడగలు రావాలి, అప్పుడే కార్న్‌ఫ్లోర్ ఉడికినట్టు. దించాక పావుగంట ఆగి తినండి, యాపిల్ ముక్క లోపల చాలాసేపు సలసలా కాగుతూనే ఉంటుంది, పిల్లల నోరు కాలుతుంది.

కర్నూలు వంటిల్లు
విశాఖ అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను పైపిండిలో పావు వంతు మైదా తగ్గించి ఓట్స్ వేస్తాను, కరకరలాడుతుంది. ఒక చిన్న సంగతి, గాజు గిన్నెలో చేస్తే దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు, పగులుతుంది. మామూలు స్టీలు గిన్నె, కేకు టిన్ను ఏదైనా పనికొస్తుంది.

హన్మకొండ అమ్మాయి
థాంక్స్ అక్కా. మా ఇంట్లో ఉన్నవన్నీ ముదురు ఎరుపువే, కొన్ని కాస్త మెత్తబడ్డాయి కూడా. వాటితో అవుతుందా? అన్నిచోట్లా ఆకుపచ్చ యాపిలే వాడమంటున్నారు.

సిడ్నీ తెలుగు
అవుతుందండీ, కాకపోతే తేడా తెలుసుకుని వాడాలి. మన బజార్లో కశ్మీర్ నుంచి, సిమ్లా వైపు నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం డెలిషియస్ జాతి. 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే ఆయన అమెరికా నుంచి రెడ్ డెలిషియస్ మొక్కలు తెప్పించి హిమాచల్‌లోని కోట్‌గఢ్ దగ్గర నాటారు, అక్కడి తోటలు పెరిగింది ఆ మొక్కలతోనే. అది పచ్చిగా తినడానికి మంచి పండు. తీపి ఎక్కువ, పులుపు తక్కువ, వేడి తగిలితే త్వరగా మెత్తబడుతుంది. ఆకుపచ్చది గ్రానీ స్మిత్, అది పుట్టింది మా సిడ్నీ శివార్లలోనే, 1868లో మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ తోటలో. పులుపు బాగా ఉంటుంది, కాలినా ముక్క ముక్కగానే నిలబడుతుంది.

అందుకని మీ ఎర్ర పండ్లతో చేసేటప్పుడు మూడు మార్పులు చేయండి. చక్కెర సగానికి తగ్గించండి, నిమ్మరసం కాస్త పెంచండి, ముక్కలు పెద్దవిగా ఉంచండి. సగం ఎర్రవి, సగం ఆకుపచ్చవి కలిపితే ఇంకా బాగుంటుంది, ఎర్రది కరిగి గుజ్జవుతుంది, ఆకుపచ్చది ముక్కలా పంటికి తగులుతుంది. మెత్తబడినవాటిని క్రంబుల్‌లో వెయ్యకుండా తురిమి కేకులో వెయ్యండి.

మరో మాట. విదేశీ వంటకాల కొలతలు చూసి చేసేవాళ్ళు ఆ మనిషి ఏ దేశమో చూసుకోండి. ఇక్కడ టేబుల్ స్పూన్ అంటే 20 మిల్లీలీటర్లు, మిగతా చాలా చోట్ల 15. కప్పు ఇక్కడ 250, అమెరికాలో 240 దగ్గర. కూరకైతే పర్వాలేదు గానీ బేకింగ్ పౌడర్ దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది.

న్యూజెర్సీ నుంచి
అమెరికా రెసిపీలో ఒక స్టిక్ బటర్ అంటే 113 గ్రాములు, ఓవెన్ 350 అంటే ఫారెన్‌హీట్‌లో, మీ ఓటీజీలో దాదాపు 175 నుంచి 180 అవుతుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇక్కడ తెలుగువాళ్ళమంతా పిల్లల్ని తీసుకుని తోటలకి వెళ్ళి సంచులు సంచులు కోసుకొస్తాం, ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ మీ సమస్యే!

కర్నూలు వంటిల్లు
తురిమి వేసే కేకు మాట వచ్చింది కాబట్టి, మీ అత్తయ్యగారు తినేలా గుడ్డు లేనిది చెబుతాను. మామూలుగా పెరుగు కేకుకి ఒకటిన్నర కప్పుల మైదాకి ఒక కప్పు పెరుగు వేస్తాం. యాపిల్ వేసినప్పుడు పెరుగు ముప్పావు కప్పే వెయ్యాలి, మిగతా తడి పండులోంచి వస్తుంది. యాపిల్ కేకు మధ్యలో పచ్చిగా, జిగటగా మిగిలిపోవడానికి పెద్ద కారణం ఈ నీళ్ళే. చాలామంది ఓవెన్ సరిగ్గా లేదనుకుని టైము పెంచుకుంటూ పోతారు, అంచులు మాడతాయి గానీ మధ్య మాత్రం అలాగే ఉంటుంది.

ముప్పావు కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, అర చెంచా వంటసోడా, ఒక చెంచా బేకింగ్ పౌడర్ కలిపి ఐదు నిమిషాలు వదిలెయ్యండి, నురగ వస్తుంది. అర కప్పు వాసన లేని నూనె పొయ్యండి, వేరుశనగ నూనె వద్దు, దాని వాసన కేకులో పైకి వస్తుంది. ఒకటిన్నర కప్పుల మైదా, అర చెంచా దాల్చినచెక్క పొడి జల్లించి కలపండి. చివర్లో ఒక కప్పు యాపిల్ తురుము. ముందే తురిమి పెట్టుకుంటే నల్లబడటమే కాదు, నీరు కూడా దిగుతుంది, కాబట్టి పిండి తయారయ్యాకే తురమండి. మైదా పడ్డాక ఎక్కువ తిప్పొద్దు, తడి కనిపించి పొడి పోగానే ఆపెయ్యండి. ఏడంగుళాల టిన్నులో 175 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చి చూసేటప్పుడు రెండు చోట్ల గుచ్చండి, యాపిల్ తురుము తగిలితే తడిగా వస్తుంది, అది పచ్చి పిండి అనుకుని ఇంకా కాల్చేస్తారు.

గుంటూరు గోంగూర
ఓవెన్ లేనివాళ్ళం కూడా చదువుతున్నామండీ ఇక్కడ. కుక్కర్‌లో చేయొచ్చా?

విశాఖ ఓవెన్
చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి, నీళ్ళు పొయ్యకుండా అడుగున స్టాండు పెట్టి చేస్తారు. కానీ కుక్కర్‌ని ఖాళీగా కాల్చొద్దని కంపెనీలు చెబుతాయి, రోజూ పప్పు వండుకునే కుక్కర్‌తో ఆ పని ఎందుకు? అడుగు మందంగా ఉన్న పాత బిర్యానీ గిన్నె చాలు. అడుగున ఇసుకో ఉప్పో పరిచి, స్టాండు పెట్టి, బరువైన మూత వేసి, మీడియం మంట మీద పది నిమిషాలు వేడెక్కించు. తర్వాత టిన్ను లోపల పెట్టి మంట బాగా తగ్గించాలి. కర్నూలువాళ్ళు చెప్పిన కేకు అలా 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. నాన్‌స్టిక్ గిన్నె మాత్రం ఇందుకు వాడకు, ఖాళీగా అంత వేడెక్కితే పైపూత పాడై పొగలొస్తాయి. క్రంబుల్ ఇలా చెయ్యొద్దు, వేడి కింద నుంచే వస్తుంది, ఆవిరి మూతకి తగిలి మళ్ళీ పిండి మీదే పడుతుంది, పైన రంగు రాదు.

గుంటూరు గోంగూర
అర్థమైంది అక్కా, ఆదివారం కేకు చేస్తాను. పాత అల్యూమినియం గిన్నె అటక మీద ఉంది.

రాజమండ్రి పిన్ని
పిల్లలకి చేతిలో పట్టుకుని తినేవి నచ్చుతాయి. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో పఫ్ పేస్ట్రీ షీట్లు దొరుకుతున్నాయి కదా, మన బేకరీ కర్రీపఫ్‌కి ఉండే పొరల పిండే. యాపిల్ సన్నగా తరిగి, చెంచా నెయ్యిలో బెల్లం తురుముతో తడి ఆరిపోయేదాకా మగ్గబెట్టి యాలకుల పొడి వెయ్యండి. మన ఇళ్ళలో దాల్చినచెక్క అంటే మసాలా గుర్తొచ్చి కొంతమంది తినరు, యాలకులు వేస్తే మా ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అడిగి తింటున్నారు. పూర్ణం పూర్తిగా చల్లారాకే షీటులో పెట్టాలి, వేడిగా పెడితే లోపలి బటర్ కరిగి పొరలు అంటుకుపోతాయి. అంచులు ఫోర్కుతో నొక్కి, పైన రెండు గాట్లు పెట్టి, పాలు రాసి 200 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు.

ఆ షీట్లని కజ్జికాయల అచ్చులో పెట్టి నొక్కాలని చూడకండి, గట్టిగా నొక్కితే అంచుల దగ్గర పొరలు విడవవు. అచ్చే వాడాలనుకుంటే మైదా, చల్లటి బటర్, రెండు మూడు చెంచాల చల్లని నీళ్ళతో గట్టిగా కలిపిన పిండి వాడండి, దానికి అచ్చు చక్కగా సరిపోతుంది.

సిడ్నీ తెలుగు
బెల్లంతో మగ్గబెట్టే ఐడియా చాలా బాగుంది పిన్నిగారూ, ఈ వారమే చేస్తాను. షీటు ఫ్రీజర్‌లోంచి తీశాక వంగేంత మెత్తబడితే చాలు, మరీ వదిలేస్తే బల్లకి అంటుకుంటుంది.

విశాఖ ఓవెన్
మామయ్యగారి సంగతి ఎవరూ చెప్పలేదు. పండు మొత్తంగా కాల్చండి. పైనుంచి గింజలు, తొడిమ భాగం తొలిచెయ్యి, అడుగు చిల్లి పడకూడదు. ఆ గుంటలో తరిగిన బాదం, వాల్‌నట్స్, చిటికెడు దాల్చినచెక్క, చిన్న ముక్క బటర్. నడుం చుట్టూ చాకుతో తొక్క మీద సన్నగా గీత పెట్టు, లేకపోతే తొక్క పగిలి లోపలిదంతా బయటికొస్తుంది. గిన్నెలో నాలుగు చెంచాల నీళ్ళు పోసి 180 దగ్గర అరగంట నుంచి 40 నిమిషాలు. చక్కెర, బెల్లం, కిస్మిస్ ఏవీ వెయ్యకు. అయినా పండులోనే చక్కెర ఉంటుంది కాబట్టి ఎంత తినొచ్చో వాళ్ళ డాక్టరు చెప్పినట్టే.

హన్మకొండ అమ్మాయి
నిన్న సాయంత్రం క్రంబుల్ చేశానక్కా!! ఇల్లంతా వాసన. బజార్ నుంచి రెండు ఆకుపచ్చవి తెప్పించి సగం సగం వేశాను, చక్కెర తగ్గించాను, ఓట్స్ కూడా వేశాను. అత్తయ్య రెండోసారి పెట్టించుకున్నారు. మామయ్యగారికి పండు విడిగా కాల్చి సగం ఇచ్చాను, వెచ్చగా ఉంది, నమలడానికి ఇబ్బంది లేదు అన్నారు. రెండు అనుమానాలు. ఓటీజీలో పైరాడ్, కిందరాడ్ రెండూ వేశాను, పైన ఒక పక్క ముందే ఎర్రబడింది, ఎందుకు? మిగిలింది పొద్దున చూస్తే పైన మెత్తగా అయిపోయింది, దానికేం చేయాలి?

కర్నూలు వంటిల్లు
రెండు రాడ్లు వెయ్యడం సరైనదే. చిన్న ఓటీజీల్లో వేడి అన్ని వైపులా సమానంగా ఉండదు, సగం టైము అయ్యాక గిన్నెని అటు ముఖం ఇటు తిప్పండి. గిన్నె కింది అరలో ఉండాలి, పైరాడ్‌కి దగ్గరైతే రంగు ముందే వచ్చేస్తుంది. కేకుకైతే సగం టైము అయ్యేదాకా అసలు తలుపు తియ్యొద్దు, కుంగిపోతుంది.

విశాఖ ఓవెన్
పండు తడి పైకి ఎక్కుతుంది, మా ఊళ్ళో గాలి తేమకి ఇంకా తొందరగా. మైక్రోవేవ్‌లో వేడి చెయ్యకు, ఇంకా మెత్తబడుతుంది. ఓటీజీలోనే 160 దగ్గర పది నిమిషాలు పెట్టు, మళ్ళీ కరకరలాడుతుంది. ఇంకో పని చెయ్యి, పైపిండి ఒకేసారి రెండింతలు కలిపి సగం డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకో, నెలరోజులకి పైనే ఉంటుంది. కావాల్సినప్పుడు కరగనివ్వకుండా గడ్డకట్టినదాన్నే విడదీసి పండ్ల మీద చల్లి కాల్చెయ్యడమే. మీరు నలుగురే అయితే చిన్న గిన్నెలో రెండు పండ్లతో చేసుకోవచ్చు, అప్పుడు 25 నిమిషాల దగ్గర నుంచే చూస్తూ ఉండు.