డీప్ ఫ్రీజర్‌లో సముద్రపు మంచు: కొలిచేలోపే ఉప్పునీరు కారిపోతోంది, ఆపేదెట్లా?

అంటార్కిటికాలో మన భారతి స్టేషన్ ఉన్న ప్రిడ్జ్ బే వైపు తీరంలో చలికాలపు మంచు ఎట్లా కడుతుందో హన్మకొండలో డిగ్రీ పిల్లలకు చూపించే ప్రయోగం ఇది. మంచు మీద పనిచేసినవాళ్లు దయచేసి దారి చెప్పండి.

30 సెంటీమీటర్ల వెడల్పు డ్రమ్ము, 40 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు, అంటే 28 లీటర్లు. అందులో కిలో దొడ్డుప్పు. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర. చుట్టూ, అడుగున 5 సెంటీమీటర్ల థర్మోకోల్ కట్టాలి, లేకుంటే మంచు గోడల నుంచి కడుతుంది. ఇంకోటి, అంచులకు అతుక్కున్న మంచు కింది నీళ్లను బిగించేస్తుంది, డ్రమ్ము పగులుతుంది. అందుకే ఆ నీళ్లు పైకి ఎక్కేందుకు పక్కన థర్మోకోల్ తొడిగిన గొట్టం పెట్టాం. ఇంతవరకు బాగుంది.

10 సెంటీమీటర్ల మంచును కోసి పైకెత్తగానే అడుగు నుంచి ఉప్పునీరు బొట్లు బొట్లుగా జారుతుంది. ఆ అడుగు భాగం గట్టిగా ఉండదు, దువ్వెన పళ్లలా సన్నటి పలకలు, మధ్యలో ఉప్పునీరు. కరిగించి కొలిస్తే కిలోకు 4 గ్రాములే. కింద మిగిలిన నీళ్లు మాత్రం 35 నుంచి 42.5కి చేరాయి. ఆ లెక్కన మంచులో 10 దాకా ఉండాలి!

మంచును కోయకుండానే అందులో ఉప్పు తెలుసుకోవాలంటే, నీళ్లలో ముందే జతలుగా తీగలు అడ్డంగా బిగించి, మంచు కట్టేకొద్దీ నిరోధం కొలవొచ్చు. డీసీ పనికిరాదు, తీగల మీద బుడగలు కడతాయి. ఏసీ అయితే ఎన్ని కిలోహెర్ట్జ్ పెట్టాలి? ప్లాటినం కొనలేం, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ నడుస్తదా? జతకీ జతకీ మధ్య ఎంత ఎడం ఉండాలి?