కోయి తొట్టికి సొంతంగా ఫిల్టర్: ఇసుక, బొగ్గు పోస్తే సరిపోతుందా?

పెరటి_కొలను:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, కాప్రా వైపు. ఇంటి వెనక పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతుతో సిమెంటు తొట్టి ఉంది, లెక్కేస్తే 5 వేల లీటర్లు. ఏడు కోయి చేపలున్నాయి (అలంకారానికి పెంచే రంగురంగుల జపాన్ చేపలు), ఒక్కోటి జానెడు దాటింది. నీళ్లు పచ్చబడిపోయి, మేతకు పైకొస్తే తప్ప చేపలు కనబడట్లేదు. రెడీమేడ్ ఫిల్టర్ రేటు వినగానే ఫోన్ పెట్టేశాను. రెండు నీలం డ్రమ్ములు (200 లీటర్లవి) తెచ్చి, చిన్నప్పుడు సైన్సు పాఠంలో ఉన్నట్టు గులకరాళ్లు, బొగ్గు, ఇసుక వరసగా పోసి పంపుతో నీళ్లు ఎక్కిద్దామని ప్లాన్. పంపు ఎంతది కొనాలి, బొగ్గు ఎంత పట్టొచ్చు?

మిద్దెమీద_చేపలు:
బొగ్గు సంగతి వదిలేయండి, ఇసుక అసలే వద్దు. ఆ పాఠం తాగే నీళ్ల కోసం రాసింది. మీ తొట్టిలో అసలు శత్రువు పచ్చదనం కాదు, కంటికి కనబడని అమోనియా. చేపలు దాన్ని ఎక్కువగా మొప్పల్లోంచే వదులుతాయి, బొగ్గు దాన్ని పెద్దగా పట్టుకోదు. కొన్ని రకాల బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి అతుక్కోవడానికి చోటు కావాలి, ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఇసుకలో చేపల మలం ఇరుక్కుని గట్టిపడితే రెండూ ఉండవు, పైగా తవ్వి కడగలేక మీ నడుం పోతుంది.

డ్రమ్ములు మాత్రం మంచి ఆలోచన. కెమికల్స్ పోసినవి కొనకండి, లోపల తల పెట్టి వాసన చూసి, ఏం పోశారో అడిగి మరీ తెచ్చుకోండి. రెండింటినీ తొట్టి గట్టు కంటే ఎత్తులో పెట్టాలి, పంపు ఎక్కించిన నీళ్లు వాటంతటవే తొట్టిలోకి దిగాలి. మొదటి డ్రమ్ములో నీళ్లు వచ్చే పైపుకి లోపల ఎల్బో వేసి గోడ వెంబడి తిప్పండి. నీళ్లు గుండ్రంగా తిరుగుతుంటే చెత్త మధ్యలోకి చేరి అడుగున దిగుతుంది, అక్కడ ఒక బాల్ వాల్వ్ పెట్టి రోజూ కాసేపు తెరిస్తే నల్లటి నీళ్లు బయటికి పోతాయి (మొక్కలకు పోయండి, గులాబీలు విరగబూస్తాయి). ఆ డ్రమ్ము పైభాగంలో నర్సరీవాళ్లు వాడే షేడ్ నెట్ చుట్టలు చుట్టి పెట్టండి, తేలే చెత్త వాటికి పట్టుకుంటుంది. రెండో డ్రమ్ములో సగం వరకు ఆన్‌లైన్‌లో దొరికే కే1 మీడియా (బాక్టీరియా అతుక్కోవడానికి చేసిన చిన్న ప్లాస్టిక్ చక్రాలు), ఖర్చనుకుంటే గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, స్టీలుది కాదు. కింద రెండు ఎయిర్ స్టోన్లు (ఎయిర్ పంపు గాలిని బుడగలుగా వదిలే రాళ్లు).

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది బయటికి వెళ్లే పైపు. లోపలికి ఇంచు పైపు వస్తే బయటికి కనీసం రెండించులది పెట్టాలి. లేదంటే పంపు తోసినంత వేగంగా నీళ్లు కిందికి దిగవు, డ్రమ్ము పొర్లిపోతుంది, పొద్దున లేచేసరికి తొట్టి ఖాళీ, పెరడంతా బురద. పంపు మీద గంటకు 5 వేల లీటర్లని రాసి ఉన్నా, అది ఎత్తు సున్నా ఉన్నప్పటి మాట. డబ్బా మీద పట్టిక చూసి, మీ ఎత్తుకి గంటకు 3 నుంచి 4 వేలు ఇచ్చేది తీసుకోండి.

ఆక్వా_భీమవరం:
మాది రొయ్యల చెరువుల వ్యాపారం అండి, కోయి సరదాకి. పైన చెప్పిందంతా నిజమే, ఒక్కటి కలుపుతాను. పచ్చ నీళ్లలో పగలు పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెరుగుతుంది, మధ్యాహ్నం మూడింటికి చూస్తే పొద్దుటి లెక్క ఉండదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అదే అమోనియాలో విషంగా పనిచేసే భాగం పది రెట్ల దాకా అవుతుంది. అందుకని మధ్యాహ్నం టెస్ట్ చేయండి, ఆక్వా షాపుల్లో కిట్లు దొరుకుతాయి. ఫిల్టర్ పెట్టిన కొత్తలో నాలుగు నుంచి ఆరు వారాలు మేత సగానికి తగ్గించండి, బాక్టీరియా అప్పటికి గాని కుదురుకోదు. నైట్రైట్ చూపిస్తే వెయ్యి లీటర్లకు కిలో చొప్పున కల్లుప్పు వేస్తే చేపలు తట్టుకుంటాయి. ఎవరైనా జియోలైట్ (అమోనియాను పట్టుకునే ఒక ఖనిజం) వేయమంటే ఉప్పుతో కలిపి మాత్రం వేయకండి, పట్టుకున్న అమోనియాను ఉప్పు మళ్లీ వదిలించేస్తుంది.

పెరటి_కొలను:
చాలా థ్యాంక్స్ అండి. అయితే ఇదంతా పెడితే పచ్చదనం పోతుందా? మా ఆవిడ అడిగేది అదొక్కటే. ఫిల్టర్ కడగడం మునిసిపల్ నీళ్లతో చేయొచ్చా?

మిద్దెమీద_చేపలు:
ఒక్క ఫిల్టర్‌తోనే పోతుందని మాటివ్వలేను. ఆ పచ్చ నాచు షేడ్ నెట్లోంచి దూరిపోయేంత చిన్నది. రెండు డ్రమ్ముల మధ్య యూవీ (అతినీలలోహిత) లైట్ పెట్టండి, నాచు కణాలు చచ్చి ముద్దకడతాయి, అప్పుడు పట్టుకోవచ్చు. డబ్బులు లేకపోతే ముందు తొట్టి మీద సగం నీడ వేయండి. చేపలకు ఆ పచ్చదనంతో పగలు ఊపిరికి ఇబ్బంది లేదు, రాత్రిళ్లు మాత్రం నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది, తెల్లారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఎయిర్ పంపు పెంచండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, మీడియాను దాంతో కడిగితే బాక్టీరియా చస్తుంది. తొట్టి నీళ్లే బకెట్‌లో తీసుకుని జాడించండి. మొదటి డ్రమ్ము షేడ్ నెట్‌ను ఎలా కడిగినా పర్లేదు.

వైరింగ్_బాబాయ్:
చేపల సంగతి నాకు తెలీదు గానీ, నీళ్లలో పంపు అంటున్నారు కాబట్టి చెప్తున్నా. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా చెయ్యి పెట్టొద్దు తమ్ముడూ, ఎర్తింగ్ కూడా చూపించుకో. కరెంటు పోతే పంపు ఆగినా ఎయిర్ పంపు ఇన్వర్టర్ మీద నడిచేలా వేరే పాయింట్ లాగించు, అది తినే కరెంటు ఎంతని.

మిద్దెమీద_చేపలు:
బాబాయ్ చెప్పింది ముందు చేయండి. కొన్ని గంటలు గాలి, నీళ్లు ఆడకపోతే డ్రమ్ములో బాక్టీరియా చచ్చి నీళ్లు కంపు కొడతాయి. కరెంటు రాగానే ఆ నీళ్లు తొట్టిలోకి వదలకుండా, వాల్వ్ తెరిచి బయటికి పంపేశాకే పంపు వేయండి. ఇంకోటి, ఏడు చేపలతో ఆపండి. బాగా పెరిగితే రెండడుగులు దాటతాయి, వెయ్యి లీటర్లకు ఒకటి అనుకుంటే మీ తొట్టికి ఇప్పటికే ఎక్కువ.