సహవాసం అంటే కలిసి కూర్చోవడమేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఉన్న సందేహం. చర్చిలో "సహవాసం" అన్న మాట వినని వారం ఉండదు. అదే మాట బయటికొస్తే "సావాసం" అయిపోతుంది, "వాడి సావాసం పట్టి చెడ్డాడు" అన్నచోటే ఎక్కువగా వినిపిస్తుంది. సావాసదోషం అంటాం గానీ సావాసగుణం అని ఎవరూ అనరు. ఇలాంటి అనుమానపు మాటను బైబిలు అనువాదకులు అంత ముఖ్యమైన చోట ఎందుకు పెట్టారంటారు?

జవాబు:
మాటలో దోషం లేదండి. సహ, వాసం: కలిసి ఉండడం, అంతే. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" అన్న సామెతలో మంచీ లేదు, చెడూ లేదు. చెడు తిరుగుళ్ల గురించి చెప్పాల్సొస్తే బైబిలు వేరే మాట వాడింది చూడండి. 1 కొరింథీ 15:33లో "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును".

జవాబు:
పై వారు చెప్పింది నిజమే. నాకున్న పేచీ వేరు. సహవాసం చెడ్డ మాటని కాదు, సగం మాటని.

అపొస్తలుల కార్యములు 2:42లో తొలి విశ్వాసులు "సహవాసమందును, రొట్టె విరుచుటయందును" ఎడతెగక ఉన్నారని చదువుతాం. అక్కడి గ్రీకు మాట కొయినోనియా. దాని మూలం కొయినోస్, అంటే ఉమ్మడి. కొత్త నిబంధన రాసిన ఆనాటి వాడుక గ్రీకుకు "కొయినే" అన్న పేరు కూడా ఇదే మూలం నుంచి వచ్చింది, అందరి ఉమ్మడి భాష అని. మన "ఉమ్మడి ఆస్తి", "ఉమ్మడి కాపురం"లో ఉన్న ఉమ్మడితనమే ఇందులోనూ ఉంది. రెండు వచనాలు దిగి 44కి వస్తే "తమకు కలిగినదంతయు సమష్టిగా ఉంచుకొనిరి" అని ఉంటుంది. ఆ "సమష్టిగా" కూడా కొయినోస్ కుటుంబపు మాటే. తెలుగులో చదివేవారికి ఈ రెండూ చుట్టాలని తెలిసే దారి లేదు.

అసలు తమాషా ఏమిటంటే మన అనువాదకులు కొయినోనియాను అన్నిచోట్లా సహవాసం అనలేదు. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియవారు డబ్బు పోగుచేసిన రోమా 15:26లో అదే మాట "చందా" అయింది. హెబ్రీ 13:16లో "ఉపకారమును ధర్మమును చేయ మరచిపోకుడి" అన్నప్పటి ధర్మమూ అదే. 1 కొరింథీ 10:16లో "పాలుపుచ్చుకొనుట". ఫిలిప్పీ 1:5లో "పాలివారై యుండుట". సందర్భాన్ని బట్టి మార్చారు, తప్పు పట్టడానికేం లేదు. కానీ ఫలితం ఏమైంది? చందా డబ్బాలోకి, ధర్మం బిచ్చంలోకి వెళ్లిపోయాయి. సహవాసం పాటలూ పలకరింపులూ ఉన్న కూడికగా మిగిలిపోయింది. గ్రీకులో ఇవన్నీ ఒకటే మాట.

నా ఓటు "పాలివారు"కే, అంటే వాటా ఉన్నవారు. లూకా 5లో సీమోను చేపలు పట్టే చోటు చూడండి. వలలు పిగిలిపోతున్నాయి. అప్పుడు వేరే దోనెలో ఉన్న తమ పాలివారు రావాలని సంజ్ఞలు చేశారు. కేకలు కూడా కాదు, సంజ్ఞలు. పదో వచనంలో యాకోబు, యోహానులను సీమోనుకు "పాలివారు" అని లూకా మళ్లీ అంటాడు. అక్కడి గ్రీకు మాట కొయినోనోయ్, మన కొయినోనియాకు తోబుట్టువు. ఒడ్డున కూర్చుని "మీ కోసం ప్రార్థిస్తున్నాం" అనే వాళ్లను ఆ మాట అనలేం.

జవాబు:
బాగుందండి గానీ పాలివారు అనగానే మావైపు గుర్తొచ్చేది పాలోళ్లు, గట్టు తగాదాలు, కోర్టు వాయిదాలు. దాయాది అన్నా అంతే. నిఘంటువు తీస్తే "దాయ"కు జ్ఞాతి అనీ శత్రువు అనీ రెండర్థాలూ ఉంటాయి. వాటా ఉన్నచోట పగ ఉంటుందని మన భాషకు తెలుసు. అందుకే సహవాసమే మేలనుకున్నారేమో.

జవాబు:
భలే పట్టుకున్నారు. ఒప్పుకుంటున్నా, ఆ మాటకు ఆ మచ్చ ఉంది. అయితే తొలి సంఘం కూడా ఆ మచ్చ నుంచి తప్పించుకోలేదు. ఆస్తులమ్మి పంచుకున్న కొద్ది అధ్యాయాలకే, కార్యములు 6లో, రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. "సణుగుట" ఎంత చక్కటి తెలుగు మాటో! అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమని చెప్పి పంపకం సరిచేయించారు. పంచుకునే దగ్గరే కదా తగువొచ్చేది. ఏమీ పంచుకోని వాళ్లు ఎన్నేళ్లయినా నవ్వుతూనే పలకరించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పనిలో పని, రోమా 12:9లో "మీ ప్రేమ నిష్కపటమైనదై యుండవలెను" అని ఉంది కదా. అక్కడి మూలం కూడా చెప్తారా?

జవాబు:
అనుపోక్రిటోస్. హుపోక్రిటేస్ అంటే రంగస్థల నటుడు, ముందున్న "అన్" కాదనడానికి. సువార్తల్లో అదే మాటను మనవాళ్లు "వేషధారులారా" అన్నారు. వేషం కట్టేవాడు! అంతకు మించిన తెలుగు నాకు తోచదు. రోమాలో మాత్రం "కపటం" అనడంతో నటన కనుమరుగైంది. వేషం వేయని ప్రేమ అని చదువుకుంటే సరి.

ఒక సొంత ముచ్చట. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘం నుంచి చాలామంది వచ్చారు. పండ్లు, వాక్యాలు, కన్నీళ్లు, అన్నీ అయ్యాయి. నేను కూడా ఇంకొకరి దగ్గర అలాగే చేసి వచ్చినవాడినే, వారిని అనడానికి నాకు నోరు లేదు. నాలుగో రాత్రి ఒక పెద్దావిడ వచ్చింది. కూడికల్లో నోరు తెరిచి ప్రార్థన చేయగా నేనెప్పుడూ వినలేదు. చేతిసంచిలోంచి దుప్పటి తీసి బల్ల మీద పరిచి, "నువ్వెళ్లి పడుకో నాయనా, ఈ రాత్రి నా వంతు" అంది. మందుల వేళలు అడిగి, చీటీ వెనక పెన్సిలుతో రాసుకుంది.

జవాబు:
వంతు అన్నా వాటాయే కదండీ.

జవాబు:
అవునండి. నాలుగో వంతు, ఆరో వంతు అంటాం కదా. ఆవిడకు కొయినోనియా అన్న మాట తెలియదు, నేనూ చెప్పలేదు. తెల్లవారి వెళ్తూ, ఒక మాత్ర అరగంట ఆలస్యమైందని రెండుసార్లు చెప్పింది.