భయం లేకుంటే మనిషి దారిలో ఉండడా? నాయనకూ మామకూ కుదరని లెక్క

గుత్తి కుర్రోడు:
గ్రూప్స్‌కు చదువుతున్నా. పుస్తకంలో లిబరలిజం, సోషలిజం, కన్జర్వేటిజం దేనికి దానికి వేరే అధ్యాయం. పోయిన ఆదివారం ఇంట్లో బోరు నీళ్ల వంతు మీద మాట మొదలై ఎక్కడికో పోయింది. నాయన "భయం లేకపోతే ఎవడూ దారిలో ఉండడు, గట్టి నాయకుడు కావాల" అన్నాడు. మామేమో "కడుపు నిండితే ఎవడూ దొంగతనానికి పోడు, మార్చాల్సింది మనిషిని కాదు" అంటాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరూ చూసింది ఒకే కరువు. మరి ఇంత తేడా ఎందుకు? పార్టీని బట్టి మనిషి మీద అభిప్రాయం వస్తుందా, మనిషి మీద ముందే ఉన్న అభిప్రాయాన్ని బట్టి పార్టీని ఎంచుకుంటామా?

లైబ్రరీ పురుగు:
మీ నాయన ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ మనిషి తమ్ముడూ, ఆయనకు తెలియకపోయినా. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరిగి 1649లో రాజు తలే తీసేశారు, 1651లో హాబ్స్ పుస్తకం వచ్చింది. పైన ఒక అధికారం లేకపోతే ప్రతివాడూ ప్రతివాడి మీదికి పోతాడు అన్నది ఆయన లెక్క, అంత రక్తం పారిన కాలంలో వేరేలా అనిపించడం కష్టమే. మీ మామ మాట వింటే మార్క్స్ అనిపిస్తుంది గానీ మార్క్స్ మనిషి మంచోడు అనలేదు. మనిషి స్వభావం ఒక్కో మనిషి లోపల విడిగా ఉండేది కాదు, అది సమాజ సంబంధాల మొత్తమే అని 1845లో రాసుకున్నాడు. ఈ రెండూ ఒకటి కాదు, పరీక్షలో కలిపేయొద్దు.

ఒకే ఊరు అన్నావు కదా, 1952 ఎన్నికల్లో అనంతపురంలో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి కాంగ్రెస్ నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. ఇద్దరూ బావా బామ్మర్దులే.

పత్తికొండ వాసి:
పైవన్నీ సరే, మన పొలాల మీద జరిగిన సంగతి కూడా చూడండి. 1793లో బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ శిస్తు శాశ్వతంగా ఖాయం చేసి భూమి జమీందార్ల చేతికిచ్చాడు, ఆస్తికి భరోసా ఉంటే వాళ్లే పెట్టుబడి పెట్టి బాగుచేస్తారని నమ్మకం. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను కంపెనీకి ఇచ్చాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో నడుమ దొర అవసరం లేదు, కష్టఫలం తనదే అయితే రైతు తానే సాగు పెంచుకుంటాడు అని రైతువారీ వైపు, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి వైపు నిలబడ్డాడు. సొంత బలగాలున్న ఇక్కడి పాళెగాళ్లను మాత్రం అస్సలు నమ్మలేదు, అణిచేశాడు. ఒకే కంపెనీ, ఇద్దరు దొరలు, మనిషి మీద రెండు అంచనాలు, అవే మన పొలాల రికార్డులైన అడంగళ్ల దాకా వచ్చాయి. అంత నమ్మినా శిస్తు బరువైపోయింది, నాలుగో వంతు తగ్గించమని ఆయనే పైకి రాయాల్సి వచ్చింది. 1827లో కలరాతో చనిపోయింది మా పత్తికొండలోనే, అందుకే ఇంత రాశా, ఏమనుకోవద్దు.

కడప అక్క:
నాకు అసలు ప్రశ్నే నచ్చలేదు. "మనిషి" అంటున్నారు, ఏ మనిషి? 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో మద్రాసు వైపుకూ వచ్చింది. ఎరుకల వాళ్లలాంటి వాళ్లను పుట్టుకతోనే దొంగలని జాబితాలో ఎక్కించి, హాజరు వేయించుకుని, ఊరు కదలాలన్నా అనుమతి అడిగించారు. ఆ పిల్లల స్వభావాన్ని ఎవరు చూశారు? 1952లో చట్టం పోయింది, ఊళ్లో ఏదైనా పోతే మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారో మీకు తెలియనిదా? సొంతవాళ్లు తప్పు చేస్తే "పరిస్థితి అలాంటిది" అంటాం, వేరేవాళ్లు చేస్తే "వాళ్ల బుద్ధే అంత" అంటాం. హాబ్స్ ఎప్పుడూ పక్కవాడికి, మార్క్స్ మనకు! తమ్ముడూ, మీ నాయనను ఒకటి అడుగు, భయం ఉండాల్సింది ఎవరికని.

గుత్తి కుర్రోడు:
అడిగినా అక్కా. "మనకెందుకురా, ఆ పక్క చేను వాళ్లకు" అన్నాడు. మామ పగలబడి నవ్వినాడు. మరి నీ లెక్క సంగతేంది అని మామను కూడా అడిగితే, కడుపు నిండినోళ్లలో దొంగలు లేరా అని నాయన అందుకున్నాడు, దానికి మామ దగ్గర జవాబు లేదు. బోరు వంతు ఇంకా తేలలేదు.