'రాదురా' అనాలా, 'రాలచ్చి' అనాలా? తిక్కన పద్యం ఒకటి

కావలి టీచరమ్మ:
పద్యపఠన పోటీకి తొమ్మిదో తరగతి పిల్లల్ని తయారు చేస్తున్నాను. పాఠంలో ఉన్నవి కాకుండా తిక్కన పద్యం ఒకటి నేర్పాలనిపించింది. నెల్లూరు సీమ పిల్లలు తిక్కనను నోరారా పలకకపోతే ఇంకెవరు పలుకుతారు? విరాటపర్వంలో గోగ్రహణం దగ్గరిది. కౌరవులు విరాటుడి ఆవుల్ని పట్టుకున్నప్పుడు అర్జునుడు (ఫల్గుణుడు) ఎదురొస్తుంటే భీష్ముడు దుర్యోధనుడితో చెప్పే మాట. రెండు పాదాలు నోటికి వస్తాయి.

వచ్చినవాడు ఫల్గుణు డవశ్యము గెల్తు మనంగరాదు రా
లచ్చికినై పెనంగిన బలంబులు రెండును గెల్వనేర్చునే

మూడో పాదం 'హెచ్చగు' దగ్గర ఆగిపోతోంది. మిగతాది ఎవరైనా ఇవ్వండి.

అసలు ఇబ్బంది వేరే. ఒక అబ్బాయి 'గెల్తుమనంగ రాదురా!' అని చెయ్యి ఊపి మరీ చదివాడు. ఆ 'రా'ను కింది పాదంలోని 'లచ్చి'తో కలిపి 'రాలచ్చి' (రాజ్యలక్ష్మి) అనాలని నేననుకుంటున్నాను. ఇంకో అమ్మాయి 'డవశ్యము అంటే ఏంటి మేడమ్' అని అడిగింది. ఇలాంటి పద్యాన్ని మీరు బోర్డు మీద పాదాలుగానే రాస్తారా, అర్థం ప్రకారం విడగొట్టి రాస్తారా?

మూలపేట:
మిగతా రెండు పాదాలు ఇవి మేడమ్.

హెచ్చగు గుందగుం దొడరు టెల్ల విధంబుల కోర్చు టట్లుగా
కిచ్చ దలంచి యొక్కమెయి నిత్తఱి బొందగు చేతయుం దగున్

మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం సవరించాలి. ఫల్గుణుడు కాదు, ఫల్గునుడు. పోటీలో జడ్జీలు పట్టుకుంటారు.

కనిగిరి అయ్యవారు:
మూలపేటవారు సరిగ్గా చెప్పారు. ర, ష, ఋ లేని మాటలో న ణగా ఎలా మారుతుంది? మా గురువుగారు చదివించేవారు: 'ఫాల్గునే గగనే ఫేనే ణత్వమిచ్ఛంతి బర్బరాః'. ఆ మూడు మాటల్లో ణ పలికేవాళ్లు బర్బరులట.

పెన్నగట్టు:
అయ్యవారూ, ఆ లెక్కన మన పంచాంగకర్తలంతా బర్బరులే అవుతారు. తెలుగునాట ఆ నెలను అందరూ ఫాల్గుణమనే అంటారు. నోట్లో స్థిరపడిన రూపానికి విలువ ఇవ్వాలి. ఉత్తరఫల్గునిలో పుట్టాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్తే పిల్లలకు చాలు. న రాసినా ణ రాసినా నేనైతే మార్కు తగ్గించను.

నాకు ఇందులో నచ్చేది వేరే ఉంది. సంస్కృతంలో ఇక్కడ ఉన్న పేరు ధనంజయుడు. అది ఈ ఉత్పలమాలలో ఆ చోట ఒదగదు, మొదటి అక్షరమే లఘువు. అర్జునుడు అందామా, 'వచ్చినవాడు'తో సంధి కలిసి ఒక అక్షరం పోతుంది. ఫల్గునుడైతే దిగ్గొట్టినట్టు కూర్చుంటాడు. పైగా 'వచ్చినవాడు' అని ముందు ఊరించి ఆ తర్వాత పేరు చెప్పడం చూడండి. దూరంగా రథం ధూళి కనిపిస్తుంటే ముసలాయన కళ్లు చిట్లించి పోల్చుకున్నట్టే ఉంటుంది. తిక్కన నాటకీయత అంటే అదే.

పొదిలి హార్మోనియం:
ణ సంగతి పక్కన పెట్టండి, ఆ అబ్బాయి చదివింది తప్పెలా అవుతుంది? మా ఇంట్లో రెండు తరాలు పద్యనాటకాలు ఆడారు. రాగం తీసేది పాదం చివరే. 'రాదురా' అని సాగదీస్తే భీష్ముడి గొంతులో బాధ పలుకుతుంది. తాత మనవణ్ని 'రా' అనక ఏమంటాడు? తర్వాత 'లచ్చికినై పెనంగిన' అని ఎత్తుకున్నా అర్థం చెడదు. లచ్చి అంటే సంపద. ప్రాస చ్చ గనక ఎలా విరిచినా సరిపోతుంది. ఛందస్సు వైపు నుంచి ఎవరూ నన్ను కాదనలేరు.

మూలపేట:
ఛందస్సు కాదనకపోవచ్చు గానీ సందర్భం కాదంటుంది. అజ్ఞాతవాసం గడువు తీరిందో లేదో భీష్ముడు అప్పుడే లెక్క చెప్పాడు, అయిదేళ్లకు రెండు అధికమాసాలు చొప్పున. దుర్యోధనుడు ఏమంటాడు? పాండవులకు రాజ్యం ఇవ్వనంటాడు. అంటే నడుస్తున్న మాట రాజ్యం గురించి. ఒట్టి లచ్చి అక్కడ సరిపోదు, రాలచ్చే కావాలి. రాకొమరుడు, రాచూలి అన్న మాటల్లో ఉన్న రా ఇదే.

ఇంకోటి. మూలంలో ఇదే చోట భీష్ముడి సంబోధన 'కౌరవ', 'రాజేంద్ర'. 'సంప్రాప్తశ్చ ధనంజయః' పక్కనే ఉంది చూడండి. రాజేంద్రా అన్నవాడి నోట 'రాదురా' పెట్టడం ఎలా కుదురుతుంది?

పొదిలి హార్మోనియం:
తిక్కన మక్కీకి మక్కీ దించేవాడా? మూలంలో సంబోధన సంస్కృతానిది, తెలుగులో సంబోధన తెలుగు ఇంటిది.

కనిగిరి అయ్యవారు:
తిక్కన చేత్తోనే తేల్చుకుందాం. ద్రౌపది కీచకుణ్ని హెచ్చరించే పద్యం అందరికీ వచ్చిందే. 'గీర్వాణాకృతు లేవు రిప్డు నిను దోర్లీలన్ వెసం గిట్టి గం' అని పాదం ఆగుతుంది, తర్వాతి పాదం 'ధర్వుల్' అని మొదలవుతుంది. గంధర్వులనే మాటను రెండుగా కోసి పాదాల మీద పరిచాడు. ఉద్యోగపర్వంలో 'సారపు ధర్మమున్' పద్యంలో 'దక్షు లె / వ్వార లుపేక్ష చేసి' కూడా అంతే. మాట పాదం దాటడం ఆయనకు అలవాటు. కాబట్టి రాలచ్చి.

పొదిలి హార్మోనియం:
'గం' దగ్గర ఎవరూ పొరపడరు, దానికి విడిగా అర్థం లేదు. 'రా'కు అర్థం ఉంది. విన్నవాడి చెవిలో రెండూ మోగాలని కవే అనుకుని ఉండొచ్చు కదా?

పెన్నగట్టు:
ఈ మాట ఆలోచించదగ్గదే. నాకు గోగ్రహణం చదివినప్పుడల్లా ఖడ్గ తిక్కన గుర్తొస్తాడు. కవి తిక్కనలాగే ఆయనా కొట్టరువు ఇంటివాడు. ఆవుల మేత పుల్లరి కోసం కాటమరాజుతో జరిగిన పోరులో పోయాడని మన పక్క కథ చెప్తారు. ఆలమందల కోసం యుద్ధమంటే తిక్కనకు అది పుస్తకంలో విషయం కాదు, ఇంట్లో విషయం. 'హెచ్చగు గుందగుం' అన్న మాటలో ఆ బరువు ఉందని నా నమ్మకం. గెలుపు రావచ్చు, ఓటమి రావచ్చు, తలపడటమంటే అన్నిటికీ ఓర్చుకోవడమే అంటున్నాడు. యుద్ధం గురించి ఇంత నిబ్బరంగా చెప్పిన పద్యం తెలుగులో నాకు ఇంకోటి తెలీదు.

మూలపేట:
కథ వరకు బాగుంది. ఆ పోరు, ఈ పద్యం, ఏది ముందు ఏది వెనక అని తేలకుండా కవిత్వానికి ముడిపెట్టకండి.

దర్శి సైన్స్ టీచర్:
మా పక్క వానలు పడకపోతే విరాటపర్వం చదివించేవాళ్లు. మా నాయనమ్మకు అక్షరం రాదు గానీ గోగ్రహణం ఘట్టాలు వరసగా చెప్పేది. ఆమె పాదాలూ చూడలేదు, ప్రతిపదార్థమూ రాయలేదు, విన్నది అంతే.

మేడమ్ అడిగిన బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. మా స్కూల్లో తెలుగు సార్ రాసే ముందే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఎవరు వచ్చారు? ఏమని అనకూడదు? దేనికోసం పెనుగులాట? ఎంతమంది గెలవగలరు? పిల్లలు జవాబులు వెతుక్కుంటూ చదివితే 'ఫల్గునుడు, అవశ్యము' వాళ్లంతట వాళ్లే విడిపోతాయి. డవశ్యము అనే మాట పుట్టదు.

కావలి టీచరమ్మ:
సార్, ఇది చాలా పనికొచ్చే మాట. రేపే ఇలా అడుగుతాను. మా క్లాసులో వత్తుల దగ్గర తడబడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను 'ల్గు' దగ్గర ఆపి దిద్దితే పద్యం మీదే భయం పడుతుంది. అర్థం పట్టుకుంటే నాలుక తర్వాత తిరుగుతుంది, ఇది ఏటా చూస్తున్నాను.

'దేనికోసం' అని అడిగితే రాదురా చదివిన అబ్బాయి 'లచ్చి కోసం' అంటాడు, ఆమె ఎవరని పక్కవాడు అడుగుతాడు. అక్కడే రాలచ్చి గురించి చెప్తాను.

కనిగిరి అయ్యవారు:
ప్రశ్నలు మంచివే. కానీ బోర్డు మీద ముందు నాలుగు పాదాలూ పాదాలుగానే కనపడాలమ్మా. యతి పదో అక్షరం దగ్గర కంటికి ఆనాలి. విడగొట్టి రాస్తే పిల్లలకు అది వచనమనిపిస్తుంది.

మూలపేట:
తొమ్మిదో తరగతికి యతి కన్నా అన్వయం ముఖ్యం. ముందు విడగొట్టే రాయండి మేడమ్.

పొదిలి హార్మోనియం:
రాయడం కన్నా ముందు పాడి వినిపించండి. అబ్బాయిని రాదురా అననివ్వండి, జడ్జీలు అడిగితే నా వాదన చెప్పమనండి.

పెన్నగట్టు:
నాలుగో పాదంలో 'పొందగు చేత' దగ్గర మీరంతా ఏం చెప్తారు? నేను పొందు అంటే సంధి అనే చెప్తున్నాను, పాండవులతో రాజీ పడటమూ తగినదే అని. మా సహోద్యోగి మాత్రం పొందు అంటే అనువు అని, సమయానికి అనువైన పని చేయమంటున్నాడని అంటారు.

మూలపేట:
సంధే. 'అట్లుగాక' అన్నాడు కదా, యుద్ధం కాకపోతే మిగిలేది అదొక్కటే.

కనిగిరి అయ్యవారు:
'ఇత్తఱి' అని కూడా అన్నాడు. అనువు అన్న అర్థానికి ఆ మాట ఆసరా ఇస్తుంది. అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.