సంతకం కుదరని చేయి: పెద్దయ్యాక కూడా టిక్‌లు ఉన్నవాళ్ళు చేతిపని ఎలా చేసుకుంటున్నారు?

కృష్ణాతీరం
నాకు 41 ఏళ్ళు. ఏడో ఏట కళ్ళు ఆర్పడంతో టిక్‌లు, అంటే మన ప్రమేయం లేకుండా ఉన్నట్టుండి వచ్చే కదలికలూ శబ్దాలూ, మొదలయ్యాయి. తరవాత మెడ, భుజం, గొంతులో చిన్న శబ్దం. ఇంట్లో దురలవాటు అన్నారు, బడిలో బెత్తంతో మాన్పించబోయారు. దీన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారని 29వ ఏట తెలిసింది. ఇరవై దాటాక చాలావరకు తగ్గింది కానీ కుడి మణికట్టు మాత్రం ఇప్పటికీ ఉన్నట్టుండి బయటికి విసురుతుంది.

పోయిన నెల నేనిచ్చిన చెక్కు సంతకం కలవలేదని తిరిగి వచ్చింది. ఇది రెండోసారి. అదలా ఉంచితే, టిక్ రాని వేళ కూడా నా చేయి మొద్దుగానే ఉంటుంది. చొక్కా గుండీలు, సూదిలో దారం, తాళంలో చెవి, అన్నిటికీ ఇతరులకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇది కూడా టిక్‌లలో భాగమేనా? మీ చేతుల సంగతి ఏమిటి?

తెనాలి దర్జీ
అన్నగారూ, నాది మోచేయి. పక్కకు కొట్టుకుంటుంది. మిషను తొక్కుతున్నంతసేపు రాదు. బట్ట మీద సుద్దగీత గీసి, కత్తెర చేతిలోకి తీసుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తానే, సరిగ్గా అప్పుడు వస్తుంది. ఒకసారి పట్టు జాకెట్టు ముక్క భుజం దగ్గర తెగింది. ఆ గుడ్డ ఖరీదు నేనే కట్టాను.

అప్పటినుంచి కత్తెర ముట్టుకోకముందే దాన్ని రానిస్తాను. రెండు మూడు విసుర్లు అయ్యాక గానీ కత్తెర తీయను. కొత్తగా వచ్చినవాళ్ళు నేను వ్యాయామం చేస్తున్నాననుకుంటారు, అనుకోనివ్వండి. చేతికాజాలు మాత్రం మా ఆవిడే కుడుతుంది. అది నాకు ఎప్పుడూ రాలేదు, టిక్ ఉన్నా లేకపోయినా.

మద్దెల
నేను మృదంగం వాయిస్తాను. తని (కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం) ఇరవై నిమిషాలు సాగినా ఒక్క టిక్ రాదు. నేను చేతులు ముడుచుకుని కూర్చోవలసిన చోట, వయొలిన్ ఆయన రాగం వాయిస్తున్నప్పుడు, భుజం ఎగరడం మొదలవుతుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నాకు రాగం నచ్చలేదనుకుంటారేమోనని భయం.

2014 ప్రపంచ కప్పులో బెల్జియం మీద పదిహేను పదహారు గోల్స్ ఆపిన అమెరికా గోల్‌కీపర్ టిమ్ హోవార్డ్‌కు టూరెట్ ఉంది. బంతి దూరంగా ఉన్నప్పుడు టిక్‌లు వస్తాయని, గోల్ ముందుకు వచ్చేసరికి ఆగిపోతాయని ఆయనే చెప్పారు. మన చేతులకు పని రాదని ఎవరైనా అంటే నేను ఆ మ్యాచ్ సంగతి చెబుతాను.

పెద్దాయన
ఇదంతా నరాల బలహీనత బాబూ. రాత్రి బాదంపాలు, పొద్దున బలం టానిక్కు. మా మేనల్లుడికి నలభై రోజుల్లో తగ్గింది.

తెనాలి దర్జీ
పెద్దాయన గారూ, టిక్‌లు వాటంతట అవే కొన్నాళ్ళు తగ్గుతాయి, కొన్నాళ్ళు పెరుగుతాయి. తగ్గేముందు ఏది తాగితే ఆ పుణ్యం దానికే దక్కుతుంది. నేను పదకొండు రకాలు తాగాను.

వరంగల్ థెరపిస్టు
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు తర్ఫీదు ఇచ్చేదాన్ని నా వృత్తి. కృష్ణాతీరం గారు అడిగినది మంచి ప్రశ్న, కొంచెం వివరంగా రాస్తాను.

టిక్‌లకు మూలమని చెప్పే మెదడు లోపలి భాగాలే (బేసల్ గాంగ్లియా అంటారు) చేతి కదలికలను కూడా వరసలో పెడతాయి. అందుకే ఈ రెండూ కలిసి కనిపించడంలో వింత లేదు. పర్డ్యూ పెగ్‌బోర్డ్ అని ఒక పరీక్ష ఉంది. 1940ల నాటిది, కర్మాగారాల్లో పనివాళ్ళను ఎంచడానికి తయారైంది. చెక్క మీద రెండు వరసల రంధ్రాలు, వరసకు 25. ముప్పై సెకన్లలో ఎన్ని పుల్లలు గుచ్చగలరో లెక్కపెడతారు: ముందు కుడిచేత్తో, తరవాత ఎడమచేత్తో, చివరికి రెండిటితో. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు ఈ పరీక్షలో వెనకబడిన టూరెట్ పిల్లలకే పెద్దవుతున్నప్పుడు టిక్‌లు ఎక్కువగా మిగిలినట్టు తేలింది. ఇది సగటు లెక్క సుమండీ, ఎవరి జాతకమూ కాదు. పైగా టూరెట్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఏకాగ్రత లోపం కూడా ఉంటుంది. చేతి తడబాటులో దాని వాటా తక్కువేమీ కాదు.

ఇక మీ సంతకం. టిక్ చేయిని కుదపడం ఒకటి. టిక్‌ను ఆపుకోవడానికి మనసు పెట్టే శ్రమ ఇంకొకటి. ఆ శ్రమలో ఉండగా కలం మీద సగం ధ్యాసే ఉంటుంది. ఒక పని చేయండి. గదిలో ఒంటరిగా, ఏమీ ఆపుకోకుండా పది సంతకాలు పెట్టండి. తరవాత ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని పది పెట్టండి. తేడా ఉందేమో చూసి ఇక్కడ రాయండి.

ఒంగోలు మాస్టారు
మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు హాలోపెరిడాల్ రాసినప్పుడు టిక్‌లు బాగా తగ్గాయి. కానీ మూడో వారానికి బోర్డు మీద నా అక్షరాలు చీమల బారులా చిన్నవైపోయాయి. భుజం బిగుసుకుంది, సుద్దముక్క జారేది. జబ్బు ముదిరిందని బెంగపడ్డాను. అది మందు తెచ్చిన బిగువని నరాల డాక్టరు చెప్పి, మోతాదు తగ్గించి, తరవాత వేరే మందుకు మార్చారు. కాబట్టి చేయి మొద్దుబారినది మందు మొదలుపెట్టాకనా, ముందునుంచీనా అన్నది గుర్తు తెచ్చుకోండి. అలాగని ఎవరూ సొంతంగా మందు ఆపేయకండి. ఒకసారి ఆపి చూశాను, ఆ వారం తలచుకోవడం కూడా ఇష్టం లేదు.

చుక్కలముగ్గు
నాది ఇంకో తీరు. టిక్ చేయిని కుదపదు, వెనక్కి లాగుతుంది. పదిహేను చుక్కల ముగ్గు వేస్తుంటే ఒక మెలిక "సరిగ్గా" పడలేదనిపిస్తుంది. చూసేవాళ్ళకు బాగానే ఉంటుంది. నాకు మాత్రం చెరిపి మళ్ళీ వేసేదాకా వేళ్ళలో ఏదో గుబులు. సంక్రాంతి నాడు వీధిలో అందరి ముగ్గులూ అయిపోయి గొబ్బెమ్మలు కూడా పెట్టేశాక, నేను ఇంకా అదే మూల కూర్చుని ఉంటాను. మా అత్తగారు చేయి తిరగదు అంటారు. నా చేయి మొద్దు కాదండీ, మొండిది. మా డాక్టరుగారు ఇందులో ఓసీడీ (ఒకే ఆలోచన వెంటాడి, ఒకే పని పదేపదే చేయించే సమస్య) వాటా కూడా ఉందన్నారు.

కృష్ణాతీరం
థెరపిస్టు గారూ, చెప్పినట్టే చేశాను. ఒంటరిగా పెట్టిన పదిలో ఎనిమిది పాస్‌బుక్కులో ఉన్న సంతకంలాగే వచ్చాయి. మధ్యలో మణికట్టు రెండుసార్లు విసిరినా, ఆగి మళ్ళీ పెట్టాను. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే మూడే కుదిరాయి. విచిత్రమేమిటంటే ఆ పదిలో ఒక్క టిక్ కూడా రాలేదు! చేయి వణికింది, గీత సాగింది, చివరి సున్నా మూసుకోలేదు.

వరంగల్ థెరపిస్టు
అయితే సంతకం దగ్గర మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది టిక్ కంటే ఆపుకోవడమే. అలవాటు మార్పిడి శిక్షణ అని ఒకటి ఉంది, 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. టిక్ వచ్చేముందు లోపల తెలిసే ఆ తహతహను గుర్తుపట్టి, టిక్‌తో కలిసి చేయలేని మరో కదలిక చేస్తారు. మీ విషయంలో అరచేతిని తొడ మీద మెల్లగా ఆనించి, మోచేయి ఒంటికి చేర్చి, తహతహ తగ్గేదాకా, లేదా ఒక నిమిషం, అలాగే ఉంచడం. బిగబట్టుకోవడం, ఇది ఒకటి కాదు. నేర్పేవాళ్ళ దగ్గర కొన్ని వారాలు నేర్చుకోవాలి. గుండీలు, సూది మాత్రం వేరు. వాటికి నేను పైన చెప్పిన పెగ్‌బోర్డ్ లాంటి చేతిపరీక్ష చేయించుకుంటే మంచిది.

తెనాలి దర్జీ
సూదిలో దారానికి పరీక్ష ఎందుకండీ, దారం ఎక్కించే పుల్ల బజారులో దొరుకుతుంది. నేనూ అదే వాడతాను.

కృష్ణాతీరం
పుల్ల కొన్నాను, పరీక్షకు పేరు కూడా రాయించాను. నిన్న బ్యాంకుకు వెళ్ళి నమూనా సంతకం మార్పించుకున్నాను. పూర్తి పేరు మానేసి రెండక్షరాలు, కింద ఒక గీత. కౌంటరులో ఉన్న అమ్మాయితో ముందే చెప్పాను, చేయి ఒకసారి విసురుతుంది, కంగారు పడకండి అని. విసిరింది. ఆమె పక్కనున్న స్టాంపు డబ్బా కొంచెం అవతలికి జరిపి, ఫారం మళ్ళీ నా ముందుకు తోసింది.