ఓవర్‌లోడ్ లారీని ఆపాల్సింది రోడ్డు మీదా, లోడింగ్ దగ్గరా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
పోయిన గురువారం రాత్రి పదిన్నరకి నరసన్నపేట నుంచి బైకు మీద వస్తున్నాను. మడపం టోల్ దాటి సింగుపురం వైపు వస్తుంటే ఎడమ పక్క లేన్‌లో ఒక ఇసుక టిప్పర్ ఆగిపోయి ఉంది. వెనక లైటు లేదు, ఇండికేటర్ లేదు. రేడియం స్టిక్కర్ ఉందేమో గాని, తడి ఇసుక నీళ్లు కారి బురద పట్టేసింది. బండికి నాలుగు గజాల వెనక ఒక వేపకొమ్మ, అది ఎగిరిపోకుండా రెండు రాళ్లు. అంతే. ఆఖరి క్షణంలో ఆ కొమ్మ కనబడింది కాబట్టి ఇది రాస్తున్నాను.

అసలు సంగతి తర్వాతది. అక్కడికి ఐదు నిమిషాల దూరంలో లారీలు పక్కకి ఆపి చెకింగ్ చేస్తున్నారు. ఆరేడు బండ్లు లైన్లో ఉన్నాయి. డ్రైవర్లు ఫైళ్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. వెనక టిప్పర్ సంగతి చెబితే "చూస్తాంలే బాబూ" అన్నారు. లైన్లో ఉన్న బండ్లకి మాత్రం లైట్లన్నీ వెలుగుతున్నాయి.

సేఫ్టీ రూల్స్ అంటే రోడ్డు మీద కాగితాలు చూడటమేనా? ఇసుక ర్యాంపు, క్రషర్, క్వారీ గేటు దగ్గరే ఎందుకు పట్టుకోరు? తిట్లు లేకుండా చెప్పండి.

పది టైర్లు (సాలూరు):
మాది సాలూరు. 2022 నుంచి మన్యం జిల్లా అంటున్నారు గాని మాకు ఇప్పటికీ విజయనగరం అనే నోటికొస్తుంది. పందొమ్మిదేళ్లుగా స్టీరింగ్ మీదే ఉన్నాను.

పది టైర్ల లారీ మొత్తం బరువు, బండితో కలిపి, 25 టన్నులు ఉండేది. 2018 జులైలో 28.5కి పెంచారు. ఇప్పుడు క్రషర్ దగ్గరికి వెళ్తే లోడర్ వాడు బకెట్లు లెక్కపెడతాడా? పెట్టడు. బాడీ నిండి పైన గోపురం కట్టే దాకా పోస్తాడు. "చాలు అన్నా" అంటే "మీ ఓనర్ని అడుగు" అంటాడు. ఓనర్ని అడిగితే ఫోన్ ఎత్తడు.

ఆరు టన్నులు ఎక్కువ ఉందనుకోండి. 2019 సెప్టెంబర్‌కి ముందు జరిమానా 2,000, ఎక్కువైన టన్నుకి ఇంకో 1,000, అంటే 8,000తో పోయేది. ఇప్పుడు 20,000, టన్నుకి 2,000. మొత్తం 32,000. ఆపకుండా పోతే 40,000. డబ్బు ఓనర్ కడతాడు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ అంటే ఎవరిది? నాది. లోడు పోసినవాడికి ఏటి అయింది? ఏమీ అవ్వలేదు.

వంశధార మాస్టారు (ఆమదాలవలస):
డ్రైవర్ గారి బాధ నిజమే. కాని "పాపం డ్రైవరు" అనుకుంటూ పోతే రూల్స్ ఎవరికీ ఉండవు.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి దిగే బండ్లు మీకే బాగా తెలుసు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లు లేరా? బ్రేకు లైనర్ కాలిన వాసన, చక్రాల దగ్గర పొగ, బండి పక్కకి తీసి బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోయడం, ఇవన్నీ నేను బస్సులో వెళ్తూ చూసినవే. ఆ బ్రేకులు 28.5 టన్నులకి తయారు చేసినవి. మీరు 35 ఎక్కిస్తే ఘాట్ దిగేటప్పుడు క్వారీ ఓనర్ వచ్చి బ్రేకు తొక్కడు కదా. ప్రమాదం రోడ్డు మీదే జరుగుతుంది కాబట్టి తనిఖీ కూడా రోడ్డు మీదే ఉండాలి.

ఇంకో మాట. ప్రభుత్వం మూడున్నర టన్నులు పెంచింది గదా, మరి అది ఎందుకు చాల్లేదు?

కాటా కుర్రోడు (టెక్కలి వైపు):
నేను వేబ్రిడ్జి మీద పనిచేశాను, ఇప్పుడు మానేశాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. కాటా దగ్గర పడే స్లిప్పు అన్నిసార్లూ బరువు చెప్పదు. "చిన్నది కొట్టు" అంటారు. అంటే తక్కువ బరువుతో స్లిప్పు ఇమ్మని, ఇక్కడ చాలామందికి తెలుసు.

మా వైపు గ్రానైట్ బ్లాకులు వేరే కథ. బ్లాకుని టేపుతో కొలుస్తారు, బేరం క్యూబిక్ మీటర్ల మీద నడుస్తుంది. గ్రానైట్ క్యూబిక్ మీటరు సుమారు 2.7 టన్నులు ఉంటుంది. ఎనిమిది క్యూబిక్ మీటర్ల బ్లాకు ఎక్కిస్తే 21 టన్నులు దాటిపోయింది. ట్రాలీ బరువు దానికి అదనం. బ్లాకుని సగం దించడం కుదరదు గదా! ఒకసారి క్రేన్ ఎక్కించాక మళ్లీ దించాలంటే క్రేనే రావాలి. అందుకే గేటు దగ్గర ఆపితేనే ఉపయోగం. టేపు కొలతని 2.7తో గుణిస్తే చాలు, కాటా కూడా అక్కర్లేదు. చైను సరిగ్గా కట్టారా, కింద చెక్కలు జారకుండా ఉన్నాయా అనేది కూడా అక్కడే కనబడుతుంది.

చీపురుపల్లి టు టెక్సాస్:
నేను ఇక్కడ ఒక ట్రక్కింగ్ కంపెనీలో సేఫ్టీ ఫైళ్లు చూస్తాను, అందుకని దూరుతున్నా.

ఇక్కడ కూడా రోడ్డు మీదే ఆపుతారు. స్టేట్ పోలీసులు ఆపి బండి కిందకి దూరి మరీ బ్రేకులు చూస్తారు. తేడా ఎక్కడంటే, ట్రక్కు తలుపు మీద కంపెనీ పేరు, కేంద్ర రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే డాట్ నంబర్ రాసి ఉంటాయి. డ్రైవరు దగ్గర దొరికిన తప్పు ఆ నంబర్ మీద, అంటే కంపెనీ రికార్డులో పడుతుంది. అవి పోగైతే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ అనే కేంద్ర సంస్థ ఆఫీసుకే వచ్చి ఫైళ్లు తీయిస్తుంది. బ్రేకులు బాగా పాడైతే అక్కడికక్కడే "సర్వీసు నుంచి తీసేశాం" అని రాస్తారు, రిపేరు చేసేదాకా బండి కదలదు. డ్రైవరు పది గంటలు విశ్రాంతి తీసుకున్నాకే పదకొండు గంటలు నడపాలి. 2017 డిసెంబర్ నుంచి చాలా బండ్లలో ఆ లెక్క ఇంజన్‌కి తగిలించిన యంత్రమే రాస్తోంది.

ఇది స్వర్గం అనుకోకండి. రికార్డు పాడైతే కంపెనీ మూసేసి, బావమరిది పేరు మీద కొత్త నంబర్ తీసుకునే ఘనులు ఇక్కడా ఉన్నారు.

ఒక్క బండి ఓనరు (రాజాం):
అమెరికా కబుర్లు వినడానికి బాగానే ఉంటాయమ్మా. నాకు కంపెనీ లేదు, ఆఫీసు లేదు. ఒక్కటే బండి, దాని మీద ఫైనాన్సు. నేనే క్లీనర్‌ని, మా బావమరిది డ్రైవర్.

కిరాయి టన్నుకి ఇస్తారు. రూలు ప్రకారం బండి బరువు తీసేస్తే 18 టన్నులు మిగులుతాయి. ఆ 18కి వచ్చే కిరాయిలో డీజిల్, టోల్, డ్రైవర్ బేటా, టైర్ల అరుగుదల తీసి చూపించండి, నెల వాయిదా ఎక్కడ కట్టాలో చెప్పండి. నేను 18 అంటే లోడు ఇచ్చే పార్టీ వెంటనే పక్క బండిని పిలుస్తాడు. వాడు 25 ఎక్కిస్తాడు. నాలాంటి ఒకటి రెండు బండ్ల వాళ్లే ఈ లైన్లో ఎక్కువ, మాలో మాకు పోటీ. బండి ఎనిమిదేళ్లు దాటింది, ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి వెళ్లాలి. అది దగ్గరపడితే రేడియం స్టిక్కర్లు, వెనక ఇనప బారు, వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడ్ గవర్నర్ అన్నీ బిగిస్తాం. చేయించుకుని వచ్చాక గవర్నర్ వైరు పీకేసేవాళ్లని నేనే చూశాను. నేను పీకలేదు. నమ్మితే నమ్మండి.

మధ్యలో చేతులు తడపడం వేరే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లందర్నీ అనను, నిక్కచ్చిగా ఉన్నవాళ్లనీ చూశాను. వాళ్లు ఎక్కువ రోజులు ఒకచోట ఉండరు.

సెక్షన్ల సుబ్బన్న (విజయనగరం):
కోర్టు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఇంతసేపూ చట్టం డ్రైవర్నే పట్టుకుంటోందని మాట్లాడుతున్నారు. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ తీసి చదవండి. బండి నడిపినవాడు ఒక్కడే అందులో లేడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా ఉన్నాడు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, అదే క్యారేజ్ బై రోడ్ చట్టం, ఓవర్‌లోడ్ బాధ్యతని ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ మీద కూడా పెట్టింది. మరి కేసులు ఎందుకు అటు వెళ్లవంటే, చలానా మిషన్‌లో కొట్టేది బండి నంబర్. క్వారీకి నంబర్ ప్లేటు ఉండదు కదా.

అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది. ఎక్కువ లోడు దించాకే బండి కదలనివ్వాలి. పది టైర్లు గారూ, 32,000 కట్టిన రోజున లోడు దించారా?

పది టైర్లు:
లేదండి. హైవే పక్కన ఆరు టన్నుల కంకర ఎక్కడ దించుతాం, ఎవరు కాపలా కాస్తారు? రసీదు ఇచ్చారు, అదే లోడుతో పోయాను. "ఈ రసీదు చూపిస్తే ఈ ట్రిప్పుకి ఇంక ఎవరూ ఆపరు" అని మా ఓనరే చెప్పాడు.

వంశధార మాస్టారు:
అయితే అది ఇంకో టోల్ కట్టినట్టే! నేను రోడ్డు మీద తనిఖీ ఉండాలన్నది బండి ఆగుతుందని. డబ్బు కట్టి అదే బరువుతో అదే బ్రేకులతో పోయేటట్టయితే నా వాదనకి కాళ్లు విరిగినట్టే. సరే, గేటు దగ్గర కూడా పెట్టండి. రోడ్డు మీద తీసేయమని మాత్రం అనను. బ్రేకు, లైటు, తాగిన డ్రైవరు గేటు దగ్గర దొరకరు.

చీపురుపల్లి టు టెక్సాస్:
డ్రైవర్ల గంటల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

సెక్షన్ల సుబ్బన్న:
2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేదమ్మా. రోజుకి 8 గంటలు, వారానికి 48, ఐదు గంటల తర్వాత అరగంట విశ్రాంతి. చూసేవాడు ఎవడు, దేన్ని చూసి చెబుతాడు?

పది టైర్లు:
రాయపూర్ నుంచి విశాఖ పోర్టుకి లోడు వేసుకుంటే నాకు తెలిసిన గంటలు రెండే. ఎప్పుడు బయల్దేరావు, ఎప్పుడు చేరతావు.

నాగావళి గారూ, మీ టిప్పర్ గురించి ఒకటి చెప్పాలి. హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయొచ్చు. పెట్రోలింగ్ బండి వస్తుంది, కోన్లు పెడుతుంది. ప్రతి డ్రైవర్‌కీ తెలుసు. ఓవర్‌లోడ్ ఉంటే ఎవడూ చెయ్యడు. వాళ్లొచ్చి టైర్లు ఎంత నొక్కుకున్నాయో చూస్తే కథ మొదలవుతుంది. ఓనర్ "మెకానిక్ వచ్చేదాకా లైట్లు ఆర్పేయ్, బ్యాటరీ కూడా మిగులుతుంది" అంటాడు. కొమ్మ విరిచి పెడతాం.

నాగావళి ఒడ్డు:
అంటే ఆ రాత్రి ఐదు నిమిషాల దూరంలో చెకింగ్ ఉండటం వల్లే లైట్లు ఆర్పి ఉండొచ్చన్నమాట. నేను వెళ్లి వాళ్లకే చెప్పాను!

మర్నాడు ఉదయం పనిమీద మళ్లీ అటు వెళ్లాను. టిప్పర్ లేదు. కొమ్మని ఏదో బండి తొక్కేసింది. రాళ్లు రెండూ లేన్‌లోనే ఉన్నాయి, ఒకటి బాగా పెద్దది. బైకు ఆపి రెండూ కాలవలోకి దొర్లించి వచ్చాను.